పుట్టింటికీ అత్తింటికీ మధ్య తప్పిపోయే టీకాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల టీకాలంటే గిట్టని తల్లిదండ్రులు తక్కువే. కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి పుట్టగానే వేయాల్సినవి అక్కడే పడిపోతాయి, నెలన్నరకు వేయాల్సినవి ఆశా కార్యకర్త వచ్చి గుర్తు చేస్తే వేయించేస్తారు. తప్పడం మొదలయ్యేది ఆ తర్వాతే. ఇష్టం లేక తప్పేవి కొన్నే. ఊరు మారడం వల్ల, కార్డు ఎక్కడో ఉండిపోవడం వల్ల, ఒకసారి తారీఖు దాటిపోయాక ఇప్పుడు వెళ్తే ఏమంటారో అని మొహమాటపడి ఊరుకోవడం వల్ల తప్పేవే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పూర్తయినవాళ్ళు 2015-16లో 62 శాతం, 2019-21లో 76 శాతం. పెరిగింది, సంతోషమే. కానీ ఇంకా నలుగురిలో ఒకరికి ఏదో ఒకటి మిగిలిపోయే ఉంది. అలా మిగిలిపోయినదాన్ని ఇప్పుడైనా వేయించుకోవచ్చని చాలా ఇళ్ళల్లో తెలియదు, ఇక్కడ చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. పుత్తూరు అమ్మాయిని చెన్నైకి ఇచ్చి ఉంటారు, పలమనేరు అమ్మాయిని బెంగళూరుకు, శ్రీకాళహస్తి అమ్మాయిని నెల్లూరికి. కాన్పు తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలోనో, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలోనో, దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లోనో అవుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచి రోజు చూసి తల్లినీ బిడ్డనూ అత్తింటికి పంపుతారు. ఇప్పుడు దీని పక్కన టీకాల లెక్క పెట్టి చూడండి. బిడ్డకు 6 వారాలకు, 10 వారాలకు, 14 వారాలకు సూదులు పడాలి. 14 వారాలంటే 98 రోజులు, అంటే మూడు నెలలు నిండి మరో వారం. మూడో నెలలో పంపే ఇళ్ళల్లో ఆ ప్రయాణం సరిగ్గా పదో వారం సూదికీ పద్నాలుగో వారం సూదికీ మధ్యలో వచ్చి పడుతుంది. ఐదో నెలలో పంపేవాళ్ళకు ఈ మూడూ పుట్టింట్లోనే పూర్తవుతాయి గానీ, తొమ్మిది నెలల సూది అత్తగారి ఊళ్ళో వేయించాలి, అక్కడ టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రిజిస్టర్లో ఈ బిడ్డ పేరే ఉండదు. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తేమో "వాళ్ళు ఊళ్ళో లేరు" అని రాసుకుంటుంది. రెండు చోట్లా ఎవరి తప్పూ లేదు, బిడ్డకు మాత్రం సూది పడదు.

ఆరోగ్య కేంద్రాల్లో ఈ సంభాషణ కొత్తేమీ కాదు. "కార్డు ఏదమ్మా?" అంటే "అమ్మోళ్ళింట్లో ఉండిపోయిందక్కా" అంటుంది తల్లి. "ఏమేం వేసినారో గుర్తుందా?" అని అడిగితే "రెండు తొడలకీ ఒక్కోటి వేసినారు, కుడి చేతికొకటి, నోట్లో చుక్కలు కూడా పోసినారు" అంటుంది. ఆ జవాబులోనే చాలా సమాచారం ఉంది. ఎడమ తొడకు వేసేది ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్, కుడి తొడకు వేసేది న్యుమోనియా టీకా పీసీవీ, కుడి భుజానికి చర్మంలోకి కొద్దిగా ఎక్కించేది పోలియో సూది, నోట్లో పోసేవి పోలియో చుక్కలు, విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు వేసే రోటా చుక్కలు. ఈ మూడు సూదులూ ఒకేసారి పడేది ఆరో వారంలోనో పద్నాలుగో వారంలోనో. పదో వారంలో తొడకు ఒక్క సూది, నోట్లో చుక్కలు, అంతే. అనుభవమున్న ఏఎన్ఎం బిడ్డ వయసు చూసి ఏది పడిందో ఏది మిగిలిందో దాదాపు చెప్పేయగలదు. తల్లికి కూడా గుర్తులేకపోతే, ఎక్కడా రాసి లేకపోతే, వేయనట్టే లెక్కగట్టి వేస్తారు. అదనంగా ఒక డోసు పడిందని భయపడక్కర్లేదు, తక్కువ పడటమే ప్రమాదం.

తారీఖు దాటితే మళ్ళీ మొదటి నుంచి వేయించాలనేది పెద్ద అపోహ. అక్కర్లేదు. రెండు డోసులు పడి మూడోది ఆరు నెలలు ఆలస్యమైనా, వేయాల్సింది ఆ మూడోది ఒక్కటే. ముందు పడిన డోసుల జ్ఞాపకం శరీరంలో అలాగే ఉంటుంది, ఎడం పెరిగినంత మాత్రాన అది చెరిగిపోదు. పెంటావాలెంట్ లాంటి వాటికి ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, అంతకంటే ముందు వేయకూడదు, ఆలస్యానికి మాత్రం అంత పట్టింపు లేదు. కాబట్టి "లేటుగా వచ్చినందుకు తిడతారేమో" అని ఇంట్లో కూర్చోవద్దు. ఎవరైనా ఒక మాట అన్నా పడి, టీకా వేయించుకుని రావడమే మేలు.

అయితే ఎప్పుడైనా వేయించుకోవచ్చులే అనుకోవడానికీ లేదు. కొన్నింటికి వయసు గీత ఉంది. హెపటైటిస్ బి మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి, ఎందుకంటే తల్లికి ఆ వైరస్ ఉంటే అది బిడ్డకు అంటేది ముఖ్యంగా కాన్పు సమయంలోనే, అలా అంటుకున్న పసిబిడ్డల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం కాలేయంలో ఉండిపోతుంది. పుట్టినప్పుడు వేసే పోలియో చుక్కల గడువు 15 రోజులు. క్షయకు వేసే బీసీజీ ఏడాది లోపు వేయించాలి. రోటా చుక్కలు, పీసీవీ, పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది లోపు మొదలుపెడితేనే మిగతావి కొనసాగిస్తారు. ఏడాది దాటాక పెంటావాలెంట్ అసలే పడని బిడ్డకు బదులుగా కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ వేస్తారు, అది ఏడేళ్ళ దాకా వేయొచ్చు. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా, పోలియో చుక్కలు ఐదేళ్ళ వరకు. మెదడువాపు టీకా ఎంపిక చేసిన జిల్లాల్లోనే ఉంటుంది, మీ జిల్లాలో ఉందో లేదో ఏఎన్ఎంనే అడగాలి.

ఇన్ని వెసులుబాట్లు ఉన్నప్పుడు తారీఖులు పెట్టడం ఎందుకు అనిపించవచ్చు. తల్లి కడుపులో ఉన్నప్పుడే కొన్ని రోగాలను ఎదుర్కొనే యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి, పుట్టాక నెలనెలా తగ్గిపోతాయి. అవి తగ్గేలోపు బిడ్డ సొంత శక్తి తయారవ్వాలి, కానీ అవి నిండుగా ఉన్నప్పుడు కొన్ని టీకాలు వేస్తే పనిచేయవు. ఈ రెండింటి మధ్య దొరికే సమయమే షెడ్యూలు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక పెట్టింది అందుకే. కోరింత దగ్గు సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆ రోగం ఆరు నెలల లోపు పసికందులనే ఎక్కువగా చంపుతుంది, అంత చిన్నబిడ్డ గట్టిగా దగ్గలేదు కూడా, ఊపిరి ఆగి నీలంగా మారిపోతుంది. అందుకే ఆ టీకా ఉన్న పెంటావాలెంట్‌ను ఆరో వారంలోనే మొదలుపెడతారు. "పసిబిడ్డ కదా, కాస్త పెద్దయ్యాక వేయిద్దాం" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనేది ప్రేమతోనే, కానీ ఆ మాట వింటే రోగం ఎక్కువ ప్రమాదం చేసే నెలల్లోనే బిడ్డకు రక్షణ లేకుండా పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్కపెడతారు, డాక్టరు ప్రత్యేకంగా ఆపమని చెబితే తప్ప.

పెంటావాలెంట్ అంటే ఐదు రోగాలకు ఒకే సూది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకా న్యుమోనియా, మెదడుపొర వాపు తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియా. ఇవి వేర్వేరుగా వేయాలంటే బిడ్డకు ఎన్ని పోట్లు పడేవో ఆలోచించండి. ఒకే రోజు మూడు సూదులు వేస్తే బిడ్డ తట్టుకోగలదా అని అడుగుతుంటారు. తట్టుకుంటుంది. నేల మీద పాకుతూ చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే బిడ్డ ఒంట్లోకి రోజూ వెళ్ళే సూక్ష్మజీవులతో పోలిస్తే టీకాల్లో ఉండేది చాలా కొంచెం. ఒకటి ఈ రోజు, ఇంకొకటి వచ్చే వారం అని విడగొట్టి వేయించమని అడిగితే, ఆ వచ్చే వారం ఏదో పని పడి ఒకటి తప్పిపోతుంది.

బీసీజీకి ఈ ప్రాంతంతో ఉన్న అనుబంధం చాలామందికి తెలియదు. భారతదేశంలో బీసీజీ వేయడం 1948లో మొదలైంది, ఆ మొదలుపెట్టిన చోటు మదనపల్లె. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం ఉండేది, చల్లటి గాలి కోసం ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేవారు. క్షయకు మందులు ఇంకా సరిగా అందుబాటులోకి రాని రోజులవి. తర్వాత ఇరవై ఏళ్ళకు, 1968లో, పొరుగునే ఉన్న చెంగల్పట్టు ప్రాంతంలో బీసీజీ మీద చాలా పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేకపోతోందని అందులో తేలింది. మరి ఇంకా ఎందుకు వేస్తున్నారంటే, పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే క్షయ నుంచి, ఒళ్ళంతా వ్యాపించే క్షయ నుంచి అది బాగా కాపాడుతుంది. టీకా ఎంత వరకు పనిచేస్తుందో దాచకుండా చెప్పడమే నమ్మకానికి పునాది, అందుకే ఈ సంగతి ఇక్కడ చెప్పడం. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న బొబ్బలా లేచి, పుండై, మానిపోయి మచ్చ మిగులుతుంది. ఆ పుండు మీద పసుపు గానీ ఆయింట్‌మెంట్ గానీ ఏమీ రాయక్కర్లేదు. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయించక్కర్లేదు.

రోటా చుక్కల వెనకా పొరుగూరి కథ ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉండే వేలూరు, దాంతో పాటు ఢిల్లీ, పూణే, ఈ మూడు చోట్ల వేలమంది పసిపిల్లల మీద పరీక్షించాకే హైదరాబాద్‌లో తయారైన రోటా టీకా బయటికి వచ్చింది. తీవ్రమైన రోటా విరేచనాలను అది సగానికి పైగా తగ్గించింది. 2016లో ప్రభుత్వం రోటా టీకాను మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విరేచనాలు తగ్గింది సగమేనా అనిపించవచ్చు, కానీ రోటా వల్ల రాత్రికి రాత్రి కళ్ళు లోపలికి పోయి సెలైన్ పెట్టాల్సి వచ్చే పిల్లల్లో సగానికి పైగా ఆసుపత్రి ముఖం చూడకుండా ఉండటం చిన్న విషయమేమీ కాదు. ఈ చుక్కలు వేయిస్తే విరేచనాలు అసలే రావని కాదు, వేరే క్రిములతో రావచ్చు, అప్పుడు ఓఆర్ఎస్, జింక్ ఇవ్వాల్సిందే.

తొమ్మిది నెలల సూది గురించి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. తట్టు వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ "అమ్మ పోసింది" అనే అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టి, తాళింపు పెట్టకుండా, మందు జోలికి పోకుండా మూడు నీళ్ళు పోసేదాకా బిడ్డను ఇంట్లోనే ఉంచుతారు. బిడ్డను ఇంట్లో ఉంచడం ఒక రకంగా మంచిదే, వేరేవాళ్ళకు అంటదు. కానీ తట్టులో ప్రాణం తీసేది ఒంటి మీద పేలే ఎర్రటి పొక్కులు కాదు, వాటి వెనకే వచ్చే న్యుమోనియా, విరేచనాలు. ఆయాసం మొదలైన బిడ్డను అమ్మవారికి కోపమొస్తుందని ఆసుపత్రికి తీసుకెళ్ళకపోవడమే అసలు ప్రమాదం. తట్టు వచ్చిన బిడ్డకు డాక్టర్లు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇస్తారు, కళ్ళు పోకుండా, ప్రాణానికి ముప్పు రాకుండా అది కాపాడుతుంది. మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చేసేది ఊరికి ఏ రోగమూ రాకుండా చూడమని మొక్కుకోవడానికే. ఆ తల్లికి పొంగలి పెట్టి రావడానికీ, బిడ్డకు సూది వేయించడానికీ మధ్య ఏ విరోధమూ లేదు. ఇంటి ఇల్లాళ్ళలో చాలామంది రెండూ చేస్తూనే ఉన్నారు.

తిరుమల మొక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పుట్టువెంట్రుకలు బేసి నెలలో తీయించడం ఆనవాయితీ, తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో కొండకు వెళ్తారు. ఏడాది లోపు చంటిబిడ్డలున్న తల్లిదండ్రులను సుపథం దారిన దర్శనానికి పంపే సదుపాయం కూడా ఉంది కాబట్టి ఆ ఏడాది లోపే వెళ్ళాలని అందరూ చూసుకుంటారు. లెక్కలో తేడా వచ్చేది ఇక్కడే. మనం తొమ్మిదో నెల అనేది ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తున్నప్పుడు, ఎంఆర్ టీకా వేసేది తొమ్మిది నెలలూ నిండాక. అంటే తొమ్మిదో నెలలో కొండకు వెళ్ళే బిడ్డకు తట్టు టీకా ఇంకా పడి ఉండదు, తల్లి ఇచ్చిన రక్షణ అప్పటికి చాలా వరకు తగ్గిపోయి ఉంటుంది, దేశం నలుమూలల నుంచి వచ్చిన జనం మధ్య కళ్యాణకట్టలోనూ క్యూ కాంప్లెక్సులోనూ గంటలు గడపాలి. తట్టు గాలి ద్వారా పాకే రోగాల్లో అన్నిటికంటే వేగమైనది, టీకా లేనివాళ్ళ మధ్య ఒక్కరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకోగలదు. మొక్కు పదకొండో నెలకు పెట్టుకుని, తొమ్మిది నిండగానే టీకా వేయించి, ఒక రెండు మూడు వారాలు ఆగి వెళ్తే బిడ్డకు ఆ పాటికి రక్షణ వచ్చి ఉంటుంది. స్వామివారు ఆ రెండు నెలలకు ఏమీ అనుకోరు. తొమ్మిదో నెలలోనే తప్పక వెళ్ళాల్సిన వాళ్ళు, దగ్గర్లో తట్టు కేసులు ఉన్నాయేమో డాక్టరును అడిగి వెళ్ళడం మంచిది.

ఆ ఒక్క డోసుతో ఆగకూడదు. తొమ్మిది నెలలకు వేసిన డోసు వందమందిలో సుమారు 85 మందికే పనిచేస్తుంది. మిగిలినవాళ్ళకు రక్షణ రావాలంటే 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు పడాలి. తట్టు ఊళ్ళో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలంటారు, అంటే మన బిడ్డకు వేయించడం పక్కింట్లో ఇంకా తొమ్మిది నెలలు నిండని బిడ్డకు కూడా కాపలా. రుబెల్లా కూడా ఇదే సూదిలో ఉంది. అది పిల్లలకు పెద్దగా హాని చేయదు గానీ, గర్భిణికి వస్తే కడుపులో బిడ్డకు గుండె జబ్బు, చెవుడు, కంటి శుక్లాలు రావచ్చు. 2017లో తమిళనాడు, కర్ణాటకల్లో మొదలుపెట్టి దేశమంతా ఎంఆర్ టీకా పెద్ద ఎత్తున వేసినప్పుడు, దీనివల్ల పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి, సరిహద్దు ఊళ్ళల్లో మనవాళ్ళ ఫోన్లకూ వచ్చే ఉంటాయి. అందులో నిజం లేదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని అది అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది.

సూది వేయించాక వచ్చే జ్వరమే తల్లులకు పెద్ద టెన్షన్. పెంటావాలెంట్, డీపీటీ వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర వాపు, చిరాకు, ఏడుపు మామూలే. ఒళ్ళు టీకాను గుర్తుపట్టి పనిచేస్తోందనడానికి అది గుర్తు, జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదని మాత్రం కాదు. వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు, తడిగుడ్డ వేస్తే చాలు. పారాసెటమాల్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. అదే మందు చుక్కల సీసాలోనూ దొరుకుతుంది, సిరప్ సీసాలోనూ దొరుకుతుంది. చుక్కల సీసాలో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, మామూలు పిల్లల సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దబిడ్డకు సిరప్ పోసిన కొలతతో చిన్నదానికి చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడిపోతుంది. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు అనేది లెక్క, కాబట్టి సీసాను ఏఎన్ఎంకో డాక్టరుకో చూపించి, ఎంత పోయాలో గీత పెట్టించుకుని తీసుకెళ్ళండి. జ్వరం రాకముందే పోయక్కర్లేదు.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమనడం ఊరికే కాదు. చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన అలెర్జీ వెంటనే బయటపడుతుంది, అక్కడుంటే ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది. బస్సుకు టైమవుతోందని పరుగెత్తకండి. ఇంటికొచ్చాక బిడ్డ మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా, తోటకూర కాడలా వాలిపోయినా, ఆయాసపడినా, ముఖం వాచినా, జ్వరం బాగా ఎక్కువై తగ్గకపోయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. జలుబు, కొద్దిపాటి జ్వరం, మామూలు విరేచనాలు ఉన్నాయని టీకా ఆపక్కర్లేదు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉంటేనే వాయిదా. ముందు డోసుకు తీవ్రమైన అలెర్జీ వచ్చిన బిడ్డ, రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లేని బిడ్డ విషయంలో డాక్టరు చెప్పినట్టే చేయాలి.

"ఈ రోజు పిల్లలు తక్కువ వచ్చినారు, వచ్చే వారం రండి" అనే మాట కొన్ని చోట్ల వినిపిస్తుంది. దాని వెనక కారణం ఉంది. బీసీజీ, ఎంఆర్ పొడి రూపంలో ఉంటాయి, ద్రవం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఒక సీసాలో కొన్ని డోసులుంటాయి కాబట్టి ఒక్క బిడ్డ కోసం తెరవడానికి వెనకాడతారు. కానీ ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం, పారేసే డోసుల కంటే తప్పిపోయే బిడ్డ ఎక్కువ. మర్యాదగా అడిగితే వేస్తారు. ఎండల గురించి కూడా అడుగుతుంటారు, మే నెలలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటినప్పుడు ఈ మందులు పాడవవా అని. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, ఐసు ప్యాకులున్న డబ్బాలో తెస్తారు. సీసా మీద చిన్న వలయం, దాని లోపల చదరం ఉంటాయి. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటే మందు బాగున్నట్టు, రంగు కలిసిపోతే వేడి తగిలి పాడైనట్టు. ఏఎన్ఎం వేసే ముందు చూసేది అదే. చూపించమని అడిగితే తప్పేం లేదు.

ప్రైవేటులో వేయించాలా ప్రభుత్వంలోనా అనే ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పొచ్చు. పైన చెప్పినవన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, నాణ్యతలో తక్కువేమీ కాదు. ప్రైవేటులో "నొప్పి లేని సూది" అని ఇచ్చేది కోరింత దగ్గు భాగాన్ని వేరే పద్ధతిలో తయారుచేసింది, దానితో జ్వరం తక్కువ వస్తుంది, నిజమే. కానీ మామూలుదాని రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది, మొదటి మూడు డోసులకు మామూలుదే మేలని పిల్లల డాక్టర్ల సంఘమే అంటుంది. టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, గవదబిళ్ళలు కూడా కలిసిన ఎంఎంఆర్, ఫ్లూ లాంటివి ప్రైవేటులో అదనంగా ఉంటాయి. స్తోమత ఉంటే వేయించండి, మంచివే. అప్పు చేసి అదనపువి వేయించి, ఉచితంగా వచ్చే బూస్టర్ మర్చిపోవడం మాత్రం బాధాకరం, అలాంటివి కూడా జరుగుతున్నాయి. ఎక్కడ వేయించినా ఒకే కార్డులో రాయించండి.

పోలియో ఆదివారం చుక్కలు వేయించాం కాబట్టి అన్నీ అయిపోయాయనుకునే ఇళ్ళూ ఉన్నాయి. ఆ చుక్కలు అదనం, షెడ్యూలులో ఉన్నవాటికి బదులు కాదు. దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో ఆ వైరస్ ఇంకా ఉంది కాబట్టే ఇప్పటికీ చుక్కలు.

కార్డు విషయంలో చేయాల్సింది చిన్న పనే. సూది వేసిన ప్రతిసారీ అక్కడే కార్డు రెండు వైపులా ఫొటో తీసి భర్తకు, అత్తగారికి, అమ్మకు వాట్సాప్‌లో పంపేయండి, ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. పుట్టింట్లో ఉండగానే ఏఎన్ఎంని అడిగి ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల రిజిస్టరు యూ-విన్‌లో బిడ్డ వివరాలు ఎక్కించుకుంటే, చెన్నైలోనైనా బెంగళూరులోనైనా మొబైల్ నంబరుతో ఏ డోసు పడిందో ఏది పడాలో చూడొచ్చు. తల్లి నంబరే ఇవ్వడం మంచిది, తాతగారి నంబరు ఇస్తే గుర్తు చేసే మెసేజ్ పుట్టింటికే వెళ్తుంది. అత్తగారి ఊరు చేరిన వారంలోనే అక్కడి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో బిడ్డ పేరు రాయించాలి, చాలా చోట్ల టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. ఏ ఊరి బిడ్డకైనా ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా వేస్తారు. శ్రీసిటీ కంపెనీల్లో పనికి వచ్చినవాళ్ళ పిల్లలకైనా, ఇటుక బట్టీల్లో ఉండే వేరే రాష్ట్రంవాళ్ళ పిల్లలకైనా ఇదే వర్తిస్తుంది. పక్క వాటాలో అలాంటి కుటుంబం ఉంటే ఒక మాట చెప్పి తోడుగా తీసుకెళ్ళండి, భాష రాక వెనకాడేవాళ్ళు ఎక్కువ.

అందరూ ఎక్కువగా మరిచిపోయేవి ఏడాది తర్వాతివి. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు. తొమ్మిదో నెలతో మొదలయ్యే విటమిన్ ఎ ద్రావణం ఆర్నెల్లకోసారి చొప్పున ఐదేళ్ళ వరకు మొత్తం తొమ్మిది సార్లు. 5-6 ఏళ్ళకు డీపీటీ రెండో బూస్టర్, అప్పటికి బిడ్డ బడికి వెళ్తుంటుంది, కార్డు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. కంఠసర్పి ఇప్పుడు బడి వయసు పిల్లల్లో కనిపిస్తోందంటే ఈ బూస్టర్లు తప్పడం ఒక కారణం. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు టీసీ, ఆధార్ వెతికినట్టే టీకాల కార్డూ వెతికి, మిగిలినది ఏదైనా ఉంటే అప్పుడే వేయించేయాలి. పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ సూది ఉంది, ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ. పదేళ్ళది చాలా వరకు బడికే వచ్చి వేస్తారు, సమ్మతి కాగితం మీద సంతకం పెట్టి పంపండి. పదహారేళ్ళ నాటికి మన పిల్లలు ఇంటర్ చదువుతూ తిరుపతిలోనో ఇంకో ఊళ్ళోనో కాలేజీ హాస్టల్లో ఉంటారు, అక్కడ దాని గురించి పట్టించుకునేవాళ్ళు ఉంటారని అనుకోవద్దు. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు దగ్గర్లోని పీహెచ్‌సీకి తీసుకెళ్ళి వేయించి, కార్డులో ఆ చివరి గడి నింపించండి.